గ్రాఫిక్స్ పనికి మానిటర్: రంగుల విషయంలో ఏ అంకెను నమ్మాలి?

అట్టబొమ్మ

పుస్తకాల ముఖచిత్రాలు, గోడపత్రికలు, అప్పుడప్పుడు వెబ్‌సైట్లకు బ్యానర్లు చేస్తుంటాను. ఇన్నాళ్లూ పని అంతా ల్యాప్‌టాప్ తెర మీదే నడిచింది. నేను చూసి ఖాయం చేసిన రంగు ఒకటి, ఫోన్‌లో కనిపించేది ఇంకొకటి, అచ్చై వచ్చేది మరొకటి అవుతుండటంతో విడిగా ఒక మానిటర్ కొనక తప్పేట్లు లేదు. ఈమధ్య ఒక ముఖచిత్రానికి వేసిన నిండు నీలం అచ్చులో ఊదాగా వచ్చింది. అది చాలదన్నట్లు, తెర మీద వెలుగుగా ఉన్న బొమ్మ కాగితం మీద మబ్బు పట్టినట్లు కనిపించింది. మానిటర్ల వివరాలు చదవబోతే ఒకచోట 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ అనీ, ఇంకోచోట 99 శాతం అడోబీ ఆర్‌జీబీ అనీ, వేరొకచోట 125 శాతం ఎస్‌ఆర్‌జీబీ అనీ ఉంది. నూటికి నూట పాతిక ఎలా వస్తుందో నాకు బోధపడలేదు. 27 అంగుళాలది తీసుకుందామనుకుంటున్నాను. వీటిలో దేన్ని పట్టించుకోవాలి, దేన్ని వదిలేయాలి?

కొలబద్ద

నూటికి నూట పాతిక పరీక్షల్లో రాదు గానీ మానిటర్ పెట్టెల మీద వస్తుంది. ఎస్‌ఆర్‌జీబీ, అడోబీ ఆర్‌జీబీ అన్నవి రంగుల స్థలాలు, అంటే ఏయే రంగులు లెక్కలోకి వస్తాయో చెప్పే హద్దులు. రెండోది మొదటిదానికంటే విశాలం. మానిటర్ చూపగల రంగులను పటం మీద గీస్తే ఒక త్రిభుజం వస్తుంది. దాని వైశాల్యాన్ని ఎస్‌ఆర్‌జీబీ త్రిభుజం వైశాల్యంతో పోల్చి చెప్పిన నిష్పత్తి అది. ఎరుపు వైపు బయటికి పొడుచుకొచ్చి, నీలం వైపు లోపలికి తగ్గిపోయిన త్రిభుజానికి కూడా 125 శాతం రావచ్చు, అయినా ఎస్‌ఆర్‌జీబీలోని కొన్ని రంగులను అది చూపలేకపోవచ్చు. మీరు చూడవలసింది కవరేజ్ అనే అంకె, అంటే ఆ హద్దులోని రంగుల్లో ఎంత శాతాన్ని తెర చూపగలదన్నది. అది ఎన్నటికీ 100 దాటదు.

ఎన్‌టీఎస్‌సీ శాతం కూడా ఇలాంటిదే. అది 1953 నాటి అమెరికా రంగుల టెలివిజన్ ప్రమాణం. అందులో 72 శాతం అంటే వైశాల్యంలో దాదాపు ఎస్‌ఆర్‌జీబీ అంత. మీ ల్యాప్‌టాప్ వివరాల్లో ఈ అంకె ఎంత ఉందో ఒకసారి చూసి చెప్పండి.

అట్టబొమ్మ

45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంది.

కొలబద్ద

అంటే ఎస్‌ఆర్‌జీబీలో మూడింట రెండు వంతులకు కూడా చేరదు. మీ ఫోన్ తెర బహుశా దీనికంటే చాలా ఎక్కువ రంగులు చూపుతూ ఉంటుంది. ఆ రెండూ పొంతన కుదరకపోవడంలో వింతేమీ లేదు.

తెరచాటు

ఇన్నాళ్లూ మూడో వంతు రంగులను ఊహించుకుని ముఖచిత్రాలు వేశారన్నమాట. అదీ ఒక విద్యే.

సిరాబుడ్డి

ఫోన్ సంగతి అది, కానీ నీలం ఊదాగా మారడానికి ల్యాప్‌టాప్‌ను తప్పుపట్టి లాభం లేదు. ఎంత మంచి మానిటర్ కొన్నా ఆ సమస్య దానంతట అది పోదు. ఎరుపు 0, ఆకుపచ్చ 0, నీలం 255 అని ఇచ్చిన రంగు నాలుగు సిరాల ముద్రణకు అందేది కాదు. దాన్ని సీఎంవైకేలోకి, అంటే సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మజెంటా (గులాబీ ఎరుపు), పసుపు, నలుపు సిరాల మోతాదుల్లోకి, మార్చినప్పుడు సయాన్ దాదాపు నిండుగా పడుతుంది, మజెంటా కూడా దానికి దగ్గరదగ్గరగా పడుతుంది. ఆ రెండు సిరాలూ కాగితం మీద కలిస్తే కంటికి ఊదాగానే తోస్తుంది. అందుకే నీలం నీలంగా నిలవాలంటే మజెంటాను సయాన్ కంటే కనీసం 30 శాతం తక్కువలో ఉంచాలని మా పనిలో ఒక వాడుక ఉంది.

మానిటర్ ఇక్కడ చేయగల సాయం ఒకటుంది. అచ్చు వేసేవారు ఏ కాగితానికి ఏ ఐసీసీ ప్రొఫైల్ (అక్కడ రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలు) వాడతారో అడిగి తెచ్చుకుని, ఫొటోషాప్‌లోనో మరొకదానిలోనో సాఫ్ట్ ప్రూఫ్, అంటే అచ్చు ఎలా వస్తుందో తెర మీదే చూపే నమూనా, పెట్టుకుంటే, ఊదా అయ్యే నీలం అచ్చుకు వెళ్లకముందే తెర మీద ఊదాగా కనిపిస్తుంది. తెర సరిగ్గా లేకపోతే ఆ ప్రూఫ్‌కు విలువ లేదు.

అచ్చు చీకటిగా రావడం గురించి: మీ తెర వెలుతురు ఎంతలో పెట్టుకున్నారు? దాన్ని నిట్లలో కొలుస్తారు. కొత్త మానిటర్లు పెట్టెలోంచి తీసేసరికి 250 నిట్లో, ఆ పైనో వెలుగుతుంటాయి. అచ్చు పనికి 80 నుంచి 120 నిట్ల మధ్య చాలు. దేదీప్యమానంగా వెలిగే తెర మీద బొమ్మ ఎక్కువ వెలుగుగా ఉందనిపించి మనమే దాన్ని తగ్గిస్తాం, కాగితానికి ఆ వెలుగు ఉండదు కాబట్టి అచ్చు మబ్బుగా వస్తుంది.

వెబ్‌గూడు

సిరాబుడ్డి గారు చెప్పినదంతా నిజమే. అయితే అట్టబొమ్మ గారు ఈ సమాధానాలు చదివి అడోబీ ఆర్‌జీబీ మానిటర్ వైపు పరుగెత్తకూడదని నా మనవి. ఎస్‌ఆర్‌జీబీని హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో ప్రతిపాదించాయి, 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. వెబ్‌లో ప్రత్యేకంగా ఏ ప్రొఫైలూ జతచేయని బొమ్మను నేటికీ ఎస్‌ఆర్‌జీబీ అనే అనుకుంటారు. విస్తృత గామట్ (తెర చూపగల రంగుల పరిధి) ఉన్న మానిటర్‌ను ఏ ఏర్పాటూ లేకుండా వాడితే, ఎస్‌ఆర్‌జీబీ కోసం రాసిన ఎరుపు విలువను అది తనకున్న అత్యంత గాఢమైన ఎరుపుగా చూపిస్తుంది. మనుషుల ముఖాలన్నీ ఎండకు కమిలినట్లుంటాయి. అది చూసి మీరు రంగులను తగ్గిస్తారు, మిగతా లోకానికి ఆ బొమ్మ వెలిసిపోయినట్లు కనిపిస్తుంది. 98 శాతం దాటిన ఎస్‌ఆర్‌జీబీ కవరేజ్ ఉన్న మంచి ఐపీఎస్ (తెర ప్యానెళ్లలో ఒక రకం) మానిటర్ మీకు సరిపోతుంది.

సిరాబుడ్డి

దీనితో ఏకీభవించలేను. నున్నటి పూత కాగితం మీద ఆఫ్‌సెట్‌లో పడే సయాన్, దాని చుట్టుపక్కల కొన్ని ఆకుపచ్చలు ఎస్‌ఆర్‌జీబీ త్రిభుజానికి బయట ఉంటాయి. సిరా పలికించగల రంగును తెర చూపలేకపోతే సాఫ్ట్ ప్రూఫ్‌లో మీరు చూసేది సగం నిజమే. అడోబీ వారు 1998లో ఆ రంగుల స్థలాన్ని రూపొందించిందే ముద్రణలో వచ్చే రంగుల్లో చాలా భాగం అందులో ఇమిడేట్లు. అడిగినవారు ప్రధానంగా ముఖచిత్రాలు చేస్తామన్నారు, బ్యానర్లు అప్పుడప్పుడే అన్నారు.

వెబ్‌గూడు

ఎన్ని ముఖచిత్రాల్లో నిండు సయాన్ అంత విస్తారంగా పరుచుకుని ఉంటుంది? తరచు వచ్చేవి చర్మపు ఛాయలు, గోధుమ వర్ణాలు, ముదురు ఎరుపులు. ఇవి చాలావరకు ఎస్‌ఆర్‌జీబీలోనే ఉంటాయి. వాటిలో తేడా రాకుండా చూపే తెర, రంగులు ఎక్కువ చూపుతూ వాటిని తప్పుగా చూపే తెర కంటే మేలు కదా.

సిరాబుడ్డి

రంగులు ఎక్కువ చూపే తెర తప్పుగానే చూపాలన్న నియమం ఎక్కడా లేదు. సరిగ్గా అమర్చుకోకపోతే ఏదైనా తప్పే చూపుతుంది.

మూడోకన్ను

మీ ఇద్దరి తగాదా మధ్యలో ఉన్నది గామట్ కాదని, రంగుల నిర్వహణ అని నాకు అనిపిస్తోంది, కాబట్టి కొంచెం విడమరిచి రాస్తాను.

ఫైలులో ఉన్నవి అంకెలు మాత్రమే. ఆ అంకెలు ఏ రంగుల స్థలానికి చెందినవో ఫైలుకు జతచేసిన ప్రొఫైల్ చెబుతుంది, మీ తెర నిజంగా ఏ రంగులు చూపుతుందో మానిటర్ ప్రొఫైల్ చెబుతుంది, ఈ రెండింటినీ చదివి అంకెలను మార్చి తెరకు పంపే పని ప్రోగ్రామ్‌ది. 1993లో ఏర్పడిన ఇంటర్నేషనల్ కలర్ కన్సార్టియం ఈ ప్రొఫైళ్లకు ఒక రూపం నిర్ణయించింది, ఐసీసీ అన్నది దాని పేరే. మ్యాక్‌లో ఈ లెక్కను చాలావరకు వ్యవస్థే చూసుకుంటుంది. విండోస్‌లో ఎన్నో ఏళ్లుగా ఏ ప్రోగ్రామ్‌కు ఆ ప్రోగ్రామే చూసుకోవలసి వస్తోంది, అందుకే ఫొటోషాప్‌లో సరిగ్గా ఉన్న బొమ్మ పక్కనే ఉన్న మామూలు వ్యూయర్‌లో గాఢంగా కనిపిస్తుంది. వెబ్‌గూడు గారు చెప్పిన కమిలిన ముఖాలు అక్కడివే.

దీనికి విరుగుడుగా విస్తృత గామట్ మానిటర్లలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఒకటి ఇస్తారు. తెరను ఆ హద్దులోకి కుదించి చూపుతుంది. కొనేముందు దాని గురించి ఒక ప్రశ్న తప్పక వేయండి: ఆ మోడ్‌లో బ్రైట్‌నెస్ మార్చుకోనిస్తుందా? చాలా మోడళ్లలో అది బిగించేసి ఉంటుంది, రాత్రి 200 నిట్ల వెలుగులో కూర్చోవలసి వస్తుంది. ఇది సరిగ్గా ఉన్న మానిటర్ అయితే వెబ్ పనికి ఒక మోడ్, అచ్చు పనికి ఒక మోడ్ పెట్టుకోవచ్చు, మీ ఇద్దరూ గెలిచినట్లే.

అన్నిటికంటే ముఖ్యంగా, కొనుగోలు లెక్కలో క్యాలిబ్రేటర్‌కు, అంటే తెర రంగులను కొలిచి సరిచేసే పరికరానికి, కూడా చోటు పెట్టుకోండి. మానిటర్‌కు అనుకున్న మొత్తంలో కొంత తగ్గించి అయినా సరే.

అట్టబొమ్మ

పెట్టెతోపాటు ఫ్యాక్టరీ క్యాలిబ్రేషన్ నివేదిక వస్తుందని, అందులో డెల్టా ఈ 2 కంటే తక్కువ అని రాసి ఉంటుందని చదివాను. అది ఉంటే క్యాలిబ్రేటర్ ఎందుకు?

కొలబద్ద

డెల్టా ఈ అంటే ఉండవలసిన రంగుకూ తెర చూపిన రంగుకూ మధ్య దూరం. 2000లో వచ్చిన సూత్రం ప్రకారం 1 దగ్గర తేడాను కన్ను కష్టం మీద పసిగడుతుంది. సగటు 2 లోపు ఉంటే మంచి తెర అన్నట్లే. నివేదికను చదివేటప్పుడు మూడు సంగతులు గమనించండి. అది సగటా, గరిష్ఠమా? సగటు 1.5 ఉన్నా ఒక్క నీలం మాత్రం 5 దగ్గర ఉండవచ్చు. ఏ మోడ్‌లో కొలిచారు? సాధారణంగా ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లో కొలుస్తారు, మీరు మోడ్ మార్చిన మరుక్షణం ఆ కాగితానికి అర్థం పోతుంది. కొలిచింది తెరలో ఎక్కడ? నడిమధ్యన. మూలల సంగతి అందులో ఉండదు.

పైగా బ్యాక్‌లైట్ వయసుతో మారుతుంది. రెండేళ్ల తర్వాత ఆ నివేదిక జ్ఞాపికగా దాచుకోవడానికి పనికొస్తుంది.

మూడోకన్ను

దీనికి కొంచెం చేర్పు. క్యాలిబ్రేటర్ చేసేవి రెండు పనులు, చాలామంది రెండింటినీ ఒకటిగా అనుకుంటారు. తెలుపు బిందువును డీ65 అనే ప్రామాణిక పగటి తెలుపుకు, గామాను (ముదురు నుంచి లేతకు వెలుగు పెరిగే తీరును) 2.2కు, వెలుతురును మీరు కోరిన స్థాయికి తేవడం మొదటిది. ఆ తర్వాత తెర ఎలా ప్రవర్తిస్తోందో కొలిచి ప్రొఫైల్ రాయడం రెండోది. ఖరీదైన మానిటర్లలో మొదటి పని మానిటర్ లోపలి పట్టికలోనే జరుగుతుంది. ఐజో కలర్‌ఎడ్జ్, బెన్‌క్యూ ఎస్‌డబ్ల్యూ శ్రేణులు ఈ పద్ధతివే. మామూలు మానిటర్లలో గ్రాఫిక్స్ కార్డు దగ్గర సర్దుబాటు జరుగుతుంది, పెద్ద సవరణలైతే ఛాయల మధ్య గీతలు కనిపించవచ్చు. అందుకే ముందు మానిటర్ మెనూలోనే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలను సరిచేసి, మిగిలిన కొద్దిపాటి తేడాను మాత్రమే సాఫ్ట్‌వేర్‌కు వదలాలి. ఆర్గిల్ సీఎంఎస్, దాని మీద నడిచే డిస్‌ప్లేక్యాల్ ఉచితంగా దొరుకుతాయి, పనితనంలో వేటికీ తీసిపోవు.

ఎవరి దగ్గరో మూలన పడి ఉన్న పాత పరికరం తెచ్చుకుంటే జాగ్రత్త. ఈ పరికరాలు వడపోతల గుండా కాంతిని చూసి రంగును అంచనా కడతాయి. కొత్త రకం బ్యాక్‌లైట్లకు తగిన సవరణ ఫైలు లేకపోతే తెలుపునే తప్పుగా కొలుస్తాయి.

తెరచాటు

ప్యానెల్ రకం సంగతి ఎవరూ ఎత్తలేదు. టీఎన్ అయితే తల కొంచెం పైకెత్తినా రంగు మారిపోతుంది, దాన్ని తలచుకోనక్కర్లేదు. వీఏలో కాంట్రాస్ట్ (తెలుపు వెలుగుకూ నలుపు వెలుగుకూ నిష్పత్తి) 3000:1 వరకు ఉంటుంది, సినిమాలకు హాయిగా ఉంటుంది, కానీ పక్కనుంచి చూస్తే ముదురు ఛాయలు తేలిపోతాయి. 27 అంగుళాల తెరకు దగ్గరగా కూర్చుంటే అంచులను మీరు ఎప్పుడూ పక్కనుంచి చూస్తున్నట్లే. ఐపీఎస్‌లో నలుపు అంత నల్లగా ఉండదు, 1000:1 దగ్గర ఆగుతుంది, అయినా రంగు నిలకడగా ఉంటుంది. ఎల్‌జీ డిస్‌ప్లే తెచ్చిన ఐపీఎస్ బ్లాక్ ప్యానెళ్లు దాన్ని 2000:1కి పెంచాయి. ఇక ఓలెడ్ మాటేమిటి? నలుపు అంటే నలుపే కదా. వాడినవారు చెప్పాలి.

రాత్రిబడి

నేను వాడుతున్నాను, బొమ్మలు కదిలించే పనికి. నలుపు చూస్తే కళ్లు చల్లబడతాయి. కానీ తెర నిండా తెల్లటి పేజీ తెరిస్తే వెలుతురు తనంతట తాను తగ్గుతుంది, కిటికీ చిన్నది చేస్తే పెరుగుతుంది. ముఖచిత్రంలాంటి తెల్ల నేపథ్యపు పనిలో ఇది చికాకు పెడుతుంది. ఉపకరణాల పట్టీలు రోజంతా ఒకేచోట ఉండటంతో నా తెర కుడి అంచున వాటి నీడ శాశ్వతంగా పడిపోయింది. బూడిదరంగు నేపథ్యం మీద అది ఇప్పటికీ కనిపిస్తుంది.

తెరచాటు

శాశ్వత సాఫ్ట్ ప్రూఫ్ అన్నమాట.

గీతగోవు

అట్టబొమ్మ గారు 27 అంగుళాలన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆ పరిమాణంలో 1920×1080 తీసుకోకండి, అంగుళానికి 82 పిక్సెళ్లే వస్తాయి, అక్షరాల అంచులు రంపంలా కనిపిస్తాయి. 2560×1440 అయితే 109, 4కే (3840×2160) అయితే 163. ముఖచిత్రాల మీద చిన్న అక్షరాలు సరిచూసుకోవడానికి 4కే సుఖమే గానీ, రంగు నాణ్యతకూ పిక్సెళ్ల సంఖ్యకూ సంబంధం లేదు. ఒకే ధరలో మంచి 1440 ప్యానెల్, నాసిరకం 4కే ప్యానెల్ ఉంటే మొదటిదే తీసుకోండి.

ఒక్కో రంగును ఎన్ని మెట్లుగా చూపుతుందో చెప్పే 10 బిట్ల గురించి కూడా అడుగుతారేమో. 8 బిట్లకు 1 కోటి 67 లక్షల రంగులు, 10 బిట్లకు 107 కోట్లు. ఆకాశంలాంటి సుదీర్ఘమైన ఛాయల్లో 10 బిట్లు తేడా చూపుతాయి, అదీ ప్రోగ్రామ్, కార్డు, తీగ, తెర నాలుగూ కలిసొస్తేనే. అసలు తప్పించుకోవలసింది 6 బిట్ల ప్యానెల్‌ను. అది పక్కపక్క ఛాయలను వేగంగా మారుస్తూ 8 బిట్లలా నటిస్తుంది.

వెబ్‌గూడు

తీగ అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. హెచ్‌డీఎంఐతో కలిపినప్పుడు కొన్నిసార్లు కార్డు దాన్ని టీవీ అనుకుని 0 నుంచి 255 బదులు 16 నుంచి 235 వరకే పంపుతుంది. నలుపు బూడిదగా, తెలుపు మాసినట్లుగా ఉంటుంది. మానిటర్ నాసిరకమని తిట్టుకునేముందు కార్డు సెట్టింగుల్లో పూర్తి పరిధి ఉందో లేదో చూడండి. నల్ల నేపథ్యం మీద సన్నటి ఎర్ర అక్షరాలు అలికినట్లుంటే రంగు సమాచారాన్ని కుదించి పంపుతోందని అర్థం. డిస్‌ప్లేపోర్ట్ వాడితే ఈ బాధలు చాలావరకు ఉండవు.

అట్టబొమ్మ

ఇంకొక్క సందేహం. ల్యాప్‌టాప్ పక్కనే కొత్త మానిటర్ పెట్టుకుని రెండింటినీ క్యాలిబ్రేట్ చేస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయా?

కొలబద్ద

మీ 45 శాతం తెరకు లేని రంగును ఏ క్యాలిబ్రేటరూ పుట్టించలేదు. దాన్ని ఉపకరణాల పట్టీలకూ ఉత్తరప్రత్యుత్తరాలకూ కేటాయించండి.

మూడోకన్ను

రెండూ మంచి తెరలే అయినా తెలుపు కొద్దిగా తేడాగా కనిపించవచ్చు. పరికరం రెండూ డీ65 అనే చెబుతుంది, కన్ను ఒప్పుకోదు. రంగు కొలత అంతా 1931లో స్థిరపరచిన ప్రామాణిక పరిశీలకుడి మీద ఆధారపడి ఉంది. రైట్, గిల్డ్ చేసిన ప్రయోగాల్లో పాల్గొన్న 17 మంది కళ్ల సగటు అది. వేర్వేరు బ్యాక్‌లైట్ల కాంతి వర్ణపటాలు వేరుగా ఉన్నప్పుడు ఆ సగటు కంటికి ఒకటిగా తోచేవి మీ కంటికి వేరుగా తోచవచ్చు. అప్పుడు ప్రధాన తెరను కొలత ప్రకారం ఉంచి, రెండోదాని తెలుపును కంటితో చూస్తూ దానికి సరిపెట్టండి.

సిరాబుడ్డి

అచ్చు నమూనాను తెరతో పోల్చేటప్పుడు గది వెలుతురును మరవకండి. పసుపు బల్బు కింద కాగితం పట్టుకుని, డీ65 తెల్లదనంతో పోల్చి, అచ్చు పచ్చబారిందని గొడవపడేవారిని నేను తరచు చూస్తుంటాను. ముద్రణను చూడటానికి ఐఎస్ఓ 3664 ప్రమాణం డీ50 వెలుతురును, అంటే సుమారు 5000 కెల్విన్‌ను నిర్దేశిస్తుంది. కాంతి నాణ్యత మంచిదైన దీపం ఒకటి చాలు. తెర మీద కిటికీ వెలుతురు నేరుగా పడకుండా చూసుకోండి, ముదురు రంగు గోడ ఎదురుగా ఉంటే దాని ఛాయ కూడా మీ తీర్పులో కలుస్తుంది. రాత్రిపూట తెరను పసుపుగా మార్చే సదుపాయాన్ని పని వేళల్లో ఆపేయండి, గదిని బట్టి తనంతట తాను వెలుతురు మార్చుకునే సెట్టింగును పూర్తిగా తీసేయండి.

అట్టబొమ్మ

అందరి మాటలూ చదివాక ఇలా నిర్ణయించుకున్నాను. 27 అంగుళాల ఐపీఎస్, 2560×1440, ఎస్‌ఆర్‌జీబీ కవరేజ్ 99 శాతం, నిజమైన 8 బిట్లు. అడోబీ ఆర్‌జీబీ మోడల్‌కు అయ్యే తేడాతో క్యాలిబ్రేటర్, ఒక మంచి దీపం వస్తాయి. అచ్చు వేసేవారిని ప్రొఫైల్ అడిగాను, పూత కాగితానికి ఫోగ్రా39 వాడతామన్నారు. ఆ పాత ముఖచిత్రానికి సాఫ్ట్ ప్రూఫ్ పెట్టి చూస్తే, ఈ ల్యాప్‌టాప్ మీద కూడా నీలం ఊదా వైపు జరగడం కనిపించింది.

సిరాబుడ్డి

నా మాట నెగ్గలేదు, అయినా క్యాలిబ్రేటర్ కొంటున్నారు కాబట్టి ఊరుకుంటున్నాను. సయాన్ విస్తారంగా ఉన్న పని వచ్చిన రోజున సాఫ్ట్ ప్రూఫ్‌ను నమ్మకుండా కాగితపు ప్రూఫ్ తీయించుకోండి.

కొలబద్ద

మానిటర్ రాగానే, తిరిగి ఇచ్చే గడువు దాటకముందే, గది చీకటి చేసి తెర నిండా మధ్యస్థ బూడిదరంగు నింపి చూడండి. ఒక మూల గులాబీ వైపు, ఇంకో మూల ఆకుపచ్చ వైపు జరిగితే మార్పించుకోండి, ఆ లోపాన్ని ప్రొఫైల్ సరిచేయలేదు. కొలిచేముందు తెరను అరగంట వెలగనివ్వండి.